ఇసే క్షేత్ర దర్శనము

ప్రాచీన దేవాలయమును దర్శింపబోవు యాత్రికుని కన్నులు ముందుగా రాతిని వెదకును. పాదముల రాపిడికి నునుపెక్కిన మెట్లు, దీపధూమమున నల్లబడిన గర్భగృహము, ఎండకు వానకు మాసిన శిల్పము, ఇవియే మనకు ప్రాచీనతకు సాక్షులు. శాసనము చెక్కిన స్తంభముపై చేయి మోపినపుడు వేయేండ్ల క్రిందటి శిల్పి చేతిని తాకినట్లుండును. ఇట్టి అలవాటుతో జపాను దేశమునందలి ఇసే క్షేత్రమునకు పోయినవారికి మొదట ఆశాభంగమే కలుగును. ఆ దేశమున షింటో మతస్థులకు అంతకన్న పవిత్రమైన స్థలము లేదు. పదమూడు వందల యేండ్లకు పైబడిన చరిత్ర దానికి గ్రంథస్థమై యున్నది. కాని అచటి ప్రధానమందిరము 2013వ సంవత్సరమున కట్టినది. 2033లో దానిని విప్పివేసి ప్రక్కనే మరియొకటి నిలుపుదురు.

కట్టి పట్టుమని ఇరువదేండ్లు నిండని మందిరమును ప్రాచీనమనుట ఎట్లు? ఈ ప్రశ్నను మనస్సున నుంచుకొనియే మేము ఒక శరత్కాలపు ఉదయమున నగోయా నగరమునుండి రైలులో బయలుదేరితిమి. దారి పొడుగునను కోతలైన వరిమళ్లు. గంటన్నరలో ఇసే పట్టణము వచ్చినది.

ఇసే అనునది ఒక్క ఆలయము కాదు. చిన్నవి పెద్దవి కలిసి నూట యిరువదియైదు ఆలయముల సముదాయము. అన్నిటికిని కలిపి ‘జింగూ’ అని పేరు. అందు ముఖ్యమైనవి రెండు. వెలుపలి ఆలయమైన గెకూ పట్టణము నడుమ నున్నది. లోపలి ఆలయమైన నైకూ అచటికి కొన్ని కిలోమీటర్ల దూరమున, ఇసుజు నదీతీరమున, అడవి యంచున నున్నది. నైకూలో వెలసినది సూర్యదేవత అమతెరాసు ఓమికామి. మనకు సూర్యుడు పురుషుడు. వారికి స్త్రీ, పైగా రాజవంశమునకు మూలపుటమ్మ. గెకూలో వెలసిన తొయోఉకే ఓమికామి అన్నప్రదాత్రి. ముందు గెకూను సేవించి తరువాత నైకూకు పోవుట సంప్రదాయము. మేమును అట్లే చేసితిమి.

గెకూలో అన్నపూర్ణ వంటి ఆ దేవత కొలువు ఎట్లు జరుగునో వినినపుడు మాకు మన యాజ్ఞికులు గుర్తునకు వచ్చిరి. ప్రతిదినము ఉదయమొకసారి, సాయంకాలమొకసారి ఇచట నైవేద్యము సిద్ధమగును. అందులకు వలయు నిప్పును అగ్గిపుల్లతో వెలిగింపరు. మనవారు అరణి మథించినట్లే కఱ్ఱను కఱ్ఱతో త్రిప్పి పుట్టింతురు. నీరు పవిత్రమైన బావినుండి తోడుదురు. అన్నమునకు బియ్యము జింగూవారి సొంత మళ్లలో పండును. ఉప్పును సమీపమునందలి ఫుతామి తీరమున సముద్రజలమును కాచి తీయుదురు. వడ్డించు మట్టిపాత్రలు కూడ క్షేత్రమువారు చేయించినవే. వానిని ఒక్కమారు వాడి విడుతురు. ఈ సేవ దాదాపు 1,500 ఏండ్లుగా సాగుచున్నదని వారి సంప్రదాయము చెప్పును. తొయోఉకే దేవతను అమతెరాసుకు ఆహారము సమకూర్చుటకై 478వ సంవత్సర ప్రాంతమున తంబా దేశమునుండి ఇచటికి రప్పించిరని ఐతిహ్యము.

మధ్యాహ్నమునకు నైకూ చేరితిమి. ఇసుజు నదిపై ఉజి వంతెన యున్నది. నూరు మీటర్లకు కొంచెము మించిన పొడవు, ఎనిమిది మీటర్లకు మించిన వెడల్పు గల ఈ వంతెన కూడ దారుమయమే, ఇదియు ఇరువదేండ్లకొకసారి క్రొత్తగా కట్టబడునదే. రెండు కొసలను రెండు ద్వారములు. వీనిని వారు ‘తోరియి’ అందురు. మన తోరణములవలె రెండు నిలువు స్తంభములు, వానిపై అడ్డకమ్ములు. రంగు లేదు, చెక్కడము లేదు. ఆ స్తంభముల కథ మాకు వింతగా తోచినది. నైకూ మందిరమున కప్పు శిఖరదూలమును మోసిన స్తంభములు ఇరువదేండ్లు సేవచేసి దిగినపిదప, చిత్రిక పట్టబడి, వంతెనకు లోపలివైపు తోరణమగును. గెకూ మందిరమునందలివి వెలుపలివైపు తోరణమగును. ఇంకొక ఇరువదేండ్లు అచట నిలిచినతరువాత అవి సెకి, కువానా అను పాత రహదారి మజిలీలకు పోయి, ఇసేకు వచ్చు యాత్రికులకు స్వాగతము చెప్పును. ఒక్క మ్రానుకు ఇన్ని జన్మలు.

వంతెన దాటి గులకరాళ్ల బాటపై నడచి, నదిలోనికి దిగు రాతిమెట్లపై కూర్చుండి చేతులు కడుగుకొని, మహావృక్షముల నీడలో ముందునకు సాగితిమి. ఎచటను గోపురము లేదు. విగ్రహము లేదు. గంట లేదు. విక్రయములు, కేకలు వంతెనకు ఆవలనే ఆగిపోయినవి. కొన్ని రాతిమెట్లు ఎక్కగానే కొయ్య ప్రాకారము, ద్వారమునకు తెల్లని తెర. అంతే. అంతకుమించి యాత్రికుడు పోరాదు. మందిరము చుట్టును నాలుగు ప్రాకారములు కలవు. మేము ఇతరులవలెనే రెండుమారులు వంగి, రెండుమారులు చప్పట్లు చరచి, మరల ఒకమారు వంగి నమస్కరించితిమి. గాలికి తెర తొలగినపుడు లోపలి తెల్లని రాళ్లు కనబడినవి. పైకి చూచిన గడ్డికప్పు కొస, ఆకాశమున కత్తెరవలె దాటుకొనిన రెండు కొయ్యబల్లలు, వాని చివర బంగారు తొడుగు మెరయుట మాత్రము కంటికి దక్కినవి.

కనులకు దక్కని మందిర స్వరూపమును చిత్రములవలనను, శాస్త్రజ్ఞుల వర్ణనలవలనను తెలిసికొనవలసినదే. అది చూపునకు ధాన్యాగారమువలె నుండును. వరి పండించు పూర్వజనులు గింజలను తేమనుండి ఎలుకలనుండి కాపాడుటకు నేలకు ఎత్తుగా కట్టుకొనిన గాదెయే ఈ దేవగృహమునకు మాతృక యని వాస్తుచరిత్రకారులు చెప్పుదురు. హినోకి అను దేవదారు జాతి మ్రాను తప్ప వేరు కలప వాడరు. స్తంభములను పునాదిరాళ్లపై నిలుపరు, తిన్నగా నేలలో పాతుదురు. కప్పు రెల్లువంటి గడ్డి. శిఖరముపై అడ్డముగ దుంగలు పేర్చుదురు. అవి నైకూలో పది, గెకూలో తొమ్మిది. కొయ్యకు రంగుపూత లేదు. చీనా దేశమునుండి ఎఱ్ఱరంగు స్తంభములు, పెంకుటి కప్పులు జపానుకు వచ్చినతరువాత కూడ ఇసే ఆ పాతరూపమునే పట్టుకొని నిలిచినది. 1933లో జపానుకు వచ్చిన బ్రూనో టౌట్ అను జర్మను వాస్తుశిల్పి దీనిని గ్రీకుల పార్థెనాన్ ఆలయముతో సరిపోల్చి, పాశ్చాత్య లోకమునకు దీని ఘనతను చాటెను.

నేలలో పాతిన స్తంభము చెమ్మకు చివికిపోవును, గడ్డికప్పు కుళ్లును. రాతిపీఠమువేసి పెంకులు కప్పుట చేతగాక వారు ఇట్లు చేయలేదు. అదే దేశమున, ఏడవ శతాబ్దమున స్థాపితమైన హోర్యూజి బౌద్ధాలయమునందలి దారుమందిరములు నేటికిని నిలిచియున్నవి. లోకమున నిలిచియున్న కొయ్యకట్టడములలో అవియే అతిప్రాచీనములని ప్రసిద్ధి. నిలుచునట్లు కట్టుట తెలిసియుండియు ఇసేవారు చివుకునట్లు కట్టిరి, చివుకకముందే మరల కట్టిరి.

ఈ పద్ధతికి ‘షికినెన్ సెంగూ’ అని పేరు. నియత సంవత్సరమున దేవతను క్రొత్త ఇంటికి తరలించుట అని భావము. ఏడవ శతాబ్దమున తెమ్ము చక్రవర్తి దీనిని సంకల్పించెననియు, ఆయన భార్యయై ఆయన తరువాత సింహాసనమెక్కిన జితో మహారాణి కాలమున 690లో నైకూకును, 692లో గెకూకును మొదటిసారి జరిగెననియు చెప్పుదురు. ప్రతి మందిరమునకును ప్రక్కనే అంతే కొలతలుగల ఖాళీస్థలము ఎల్లపుడు సిద్ధముగ నుండును. ఇరువదేండ్లకు దేవత ఆ స్థలమునకు తరలును, పాతస్థలము ఖాళీయగును. ఇరువదేండ్లే యేల యనుటకు ప్రాచీన శాసనములలో కారణము చెప్పబడలేదు. గడ్డికప్పు ఆయుర్దాయము అంతేయని కొందరందురు. ఎండబెట్టిన అన్నపుమెతుకులను నిలువయుంచు పూర్వపు గడువు అదియేయని కొందరందురు. వడ్రంగి ఒక జీవితమున మొదట శిష్యుడుగను, తరువాత మేస్త్రిగను, పిమ్మట పెద్దగా నుండి నేర్పువాడుగను ఈ పనిని చూడగలుగుటకు అది తగిన కాలమని మరికొందరందురు. ఈ మూడవమాటయే మాకు మిక్కిలి నచ్చినది.

ఒక్క సెంగూకు ఎనిమిదేండ్ల సన్నాహము కావలెను. పర్వతమున ప్రవేశించుటకు అనుమతి కోరు పూజతో అది ఆరంభమగును. కావలసిన హినోకి మ్రాకులు సుమారు పదివేలు. వానిని పట్టణవాసులు బండ్లపై గెకూకును, ఇసుజు నదిలో నీటిలో దిగి త్రాళ్లతో నైకూకును లాగుదురు. మందిరముతోపాటు దేవతకు సమర్పించు వస్త్రములు, ఖడ్గములు, ధనుస్సులు, నేతసాధనములు మున్నగునవి 714 రకములు, 1,576 వస్తువులు క్రొత్తగా చేయింపవలెను. చేయువారు పాత వస్తువులను ఎదుట నుంచుకొని, అదే కొలత, అదే రంగు, అదే పోత పాటింతురు. మందిరము పూర్తికాగానే స్థానికులు నదినుండి ఏరిన తెల్లని రాళ్లను తెల్లని గుడ్డలో చుట్టి తెచ్చి లోపలి ముంగిట పరచుదురు. సామాన్యజనులు ఆ నాలుగు ప్రాకారములలోపల అడుగిడునది ఆ యొక్కసారియే. చేతిలో రాయి ఉన్నందువలననే వారికి ఆ ప్రవేశము.

అరువదిరెండవ సెంగూ 2013 అక్టోబరు 2వ తేదీ రాత్రి నైకూలోను, 5వ తేదీ రాత్రి గెకూలోను జరిగినది. ఎనిమిది గంటలకు దీపములన్నియు ఆర్పివేసిరి. ఒక అర్చకుడు కోడికూతను అనుకరించుచు మూడుమారులు పలికెను. సూర్యదేవత అలిగి గుహలో దాగినపుడు ఆమెను వెలుపలికి రప్పించుటకు కోళ్లను కూయించిరని వారి పురాణము. ఆ పిలుపుతో, తెల్లని పట్టుతెరల చాటున, దేవతకు ప్రతిరూపమైన దర్పణమును పాత ఇంటినుండి క్రొత్త ఇంటికి తోడుకొనిపోయిరి. ఈ సెంగూకు అయిన వ్యయము సుమారు 5,500 కోట్ల యెన్నులని చెప్పుదురు. ఆ యేడు రెండు ఆలయములకు వచ్చిన యాత్రికుల లెక్క కోటి నలువది లక్షలు దాటినది.

ఇంతవఱకు చెప్పినది వినిన, పదమూడు శతాబ్దములు ఒకే శ్రుతిలో సాగిన సేవయని తోచును. చరిత్ర అట్లు లేదు. ఈ గొలుసు ఒకమారు తెగినది.

పూర్వము సెంగూ వ్యయమును రాజ్యమే భరించెడిది. అందులకై దేశమంతట బియ్యము పన్నుగా వసూలు చేసెడివారు. పదునైదవ శతాబ్దమున ఆ పరిపాలన కూలినది. 1467 మొదలు పదేండ్లు జరిగిన ఓనిన్ యుద్ధమున రాజధాని క్యోటో బూడిదయైనది. పిమ్మట నూరేండ్లు ప్రభువులు ఒకరితో నొకరు పోరాడుచునే యుండిరి. గెకూకు 1434లో జరిగిన సెంగూ తరువాత మరల 1563 వఱకు లేదు. నైకూకు 1462లో జరిగినది, మరల 1585 వఱకు లేదు. ఒకచోట 129 ఏండ్లు, మరియొకచోట 123 ఏండ్లు. ఇరువదేండ్లకు చివుకు మందిరములకు ఇది ఎంతటి ఆపదయో ఊహింపవచ్చును. తాత్కాలికపు పాకలలో దేవతలను నిలిపిరి. మేస్త్రినుండి శిష్యునికి, శిష్యునినుండి అతని శిష్యునికి అందవలసిన విద్య ఆరు తరములు పనిలేక నిలిచిపోయినది. పాత కొలతల వ్రాతలే మిగిలినవి.

అపుడు గొలుసును మరల అతికినవారెవరు? రాజులు కారు, అర్చకులును కారు, బౌద్ధ సన్న్యాసినులు. ఈ మాటలోని విశేషము తెలియవలెనన్న ఇసేలో బౌద్ధమునకు గల స్థానము ముందుగా తెలియవలెను. పూర్వము రాజవంశమునకు చెందిన అవివాహిత కన్య యొకతె ఇసే సమీపమున సౌధమున నుండి దేవతను సేవించెడిది. పదవ శతాబ్దపు ‘ఎంగిషికి’ యను విధిగ్రంథము ఆ సౌధమున పలుకరాని మాటల జాబితా నిచ్చినది. బుద్ధుని పేరు పలుకరాదు, ‘నడిమి బిడ్డ’ యనవలెను. సూత్రగ్రంథమును ‘రంగువేసిన కాగితము’ అనవలెను. బౌద్ధాలయమును ‘పెంకుటిల్లు’ అనవలెను. తలగొరిగించుకొనిన భిక్షువును ‘పొడుగు జుట్టువాడు’ అనవలెను. బౌద్ధ సన్న్యాసులు దేవాలయము ముంగిటికి రాగూడదు, దూరముననుండి నమస్కరించుటకు వారికి వేరుచోటు నిర్ణయింపబడినది. 1684లో వచ్చిన కవి బాషో బౌద్ధభిక్షువు కాకపోయినను, తలగొరిగించుకొని యుండుటచే దూరమునుండియే సేవింపవలసివచ్చెను.

ఇట్టి నియమముల నడుమ, సేయిజున్ అను సన్న్యాసిని ఊరూర తిరిగి భిక్షమెత్తి ముందుగా 1549లో ఉజి వంతెనను కట్టించెను. ఆమె పరిశ్రమకు మెచ్చి 1551లో చక్రవర్తి గో-నారా ఆమె నివాసమునకు ‘కేయికోఇన్’ అను బిరుదనామమిచ్చెను. అంతటితో ఆమె ఆగలేదు. చిన్న పెద్ద విరాళములు కూడబెట్టి 1563లో గెకూ సెంగూను జరిపించెను. 129 ఏండ్ల తరువాత నిలిచిన ఆ క్రొత్త మందిరమును ఆమె మూడేండ్లు మాత్రమే చూడగలిగినది, 1566లో కాలధర్మము చెందెను. ఆమె తరువాత షూయో అను సన్న్యాసిని నైకూ భారమును వహించెను. ఆనాటి మహావీరుడు ఓదా నొబునాగా 1582లో మూడువేల ‘కన్’ల ద్రవ్యమిచ్చెను. ఆ వేసవిలోనే ద్రోహముచే అతడు మరణించెను. అతని అనంతరము తొయొతోమి హిదెయోషి సాయము చేసెను. 1585లో రెండు ఆలయములకును ఒకే యేట సెంగూ జరిగినది. తామె ముంగిట నిలువరాని మందిరమును, తమ దేవుని పేరైనను పలుకనీయని మందిరమును ఆ స్త్రీలు లేవనెత్తిరి.

వారి నివాసము నేటికిని ఉన్నది. నైకూ వంతెనకు దారితీయు పాతవీథిలో, యాత్రికుల సందడి నడుమ, గోడచాటున నిశ్శబ్దముగ నున్న పెద్ద ఇల్లు అదియే. మెయిజీ కాలమున ఆ సన్న్యాసినీమఠము మూతపడగా జింగూవారు దానిని తీసికొనిరి. ఇపుడది జింగూ ప్రధానార్చకత్వము వహించువారి నివాసము. ఆ పదవిని 2017 నుండి మాజీ చక్రవర్తి అకిహితో కుమార్తె వహించుచున్నారు. మేము ఆ గోడవద్ద కొంతసేపు నిలిచితిమి. వీథిన పోవువారిలో పెక్కుమంది తలయెత్తి చూచినట్లైనను కనబడలేదు.

తెగిన గొలుసు అతికినపిదప ఇసే స్వభావమే మారినది. తొలుత చక్రవర్తి తప్ప ఇతరులు అచట కానుక సమర్పింపరాదను నిషేధముండెను. రాజాదాయము ఎండిపోగా అర్చకులు గ్రామములకు పోయి పంచాంగములు, తాయెత్తులు పంచి భక్తులను కూర్చుకొనిరి. గ్రామస్థులు సంఘములుగ నేర్పడి నెలనెల కొంత సొమ్ము వేసి, చీటీలు తీసి, పేరు వచ్చినవానిని తమ అందఱి తరఫున ఇసేకు పంపెడివారు. 1705, 1771, 1830 సంవత్సరములలో దేశమే కదలి వచ్చినదా యనునట్లు యాత్రలు జరిగినవి. 1705లో ఏబది దినములలో 36 లక్షలకు పైగా జనులు పోయిరని ఇసేకు సమీపమునందలి మత్సుసాకా పండితుడు మొతోఓరి నొరినాగా వ్రాసెను. 1830లో నలువది లక్షలు మించిరని అంచనా. యజమానికి చెప్పక పనివారును, తలిదండ్రులకు చెప్పక పిల్లలును ఒక కఱ్ఱగరిటె చేతబట్టి బయలుదేరెడివారు. దారిపొడవున ప్రజలు వారికి అన్నము పెట్టెడివారు. రాలేని యజమానుల మెడపట్టీ కట్టుకొని కుక్కలు కూడ యాత్రచేసి తిరిగివచ్చినట్లు ఆనాటి చిత్రములు, కథలు చెప్పుచున్నవి.

తరువాతి అధ్యాయము అంత మధురమైనది కాదు. 1868 మార్పు తరువాత మెయిజీ ప్రభుత్వము షింటో మతమును బౌద్ధమునుండి బలాత్కారముగ వేరుచేసినది. 1869లో మెయిజీ చక్రవర్తి స్వయముగ ఇసేను దర్శించెను. సింహాసనముపై నున్న చక్రవర్తి ఇసే ఆలయమును సేవించుట అదియే ప్రథమము. ఆ రాకకు ముందుగ పట్టణమునందలి పెక్కు బౌద్ధాలయములను మూసివేయించిరి. 1871లో దేశమునందలి ఆలయములన్నిటికిని ఇసేను తలమానికముగ ప్రకటించిరి. పల్లెవారి చీటీలతో బ్రతికిన క్షేత్రము రాజ్యముయొక్క ముద్రయైనది. ఆ ముద్రక్రిందనే బడిపిల్లలకు రాజభక్తి నేర్పిరి, సైనికులను యుద్ధములకు పంపిరి. ఇసేను గూర్చి మాటాడువారు ఈ భాగమును దాటవేయుట న్యాయముగాదు.

యుద్ధమున ఓడిన జపానులో 1945 డిసెంబరున మతమును రాజ్యమునుండి వేరుచేయు ఉత్తరువు వచ్చెను. 1949లో జరుగవలసిన ఏబదితొమ్మిదవ సెంగూ వాయిదాపడినది. దేశము ఆకలితో నున్నది, ప్రభుత్వము ఒక్క యెన్ ఇచ్చుటకు వీలులేదు. ఈసారియు గొలుసు తెగునేమో యనిపించిన సమయమున, వంతెననైనను గడువుప్రకారము కట్టుదమని పూనుకొని 1949లో క్రొత్త ఉజి వంతెనను నిలిపిరి. నాటినుండి మందిరమునకు నాలుగేండ్లు ముందుగ వంతెనను కట్టుట ఆచారమైనది. మందిరములు 1953లో ప్రజల విరాళములతో పూర్తియైనవి. సేయిజున్ కూడ ముందు వంతెననే కట్టించినది. నాలుగువందల యేండ్ల తరువాతివారు ఆమె దారినే నడచిరి.

గొలుసు తెగకుండుటకు సొమ్ముతోపాటు మ్రాను కావలెను. మొదట క్షేత్రమును చుట్టియున్న కొండలలోనే కలప లభించెడిది. శతాబ్దములపాటు నరుకగా పెద్ద మ్రాకులు తరిగిపోయి, దూరపు కిసో లోయనుండి తెచ్చుకొనవలసివచ్చినది. 1923లో జింగూవారు తమ అడవికొక ప్రణాళిక వేసికొనిరి. సుమారు 5,500 హెక్టారుల ఆ అడవిలో హినోకి మొక్కలు నాటి, రెండువందల యేండ్లు పెంచవలెనని నిర్ణయము. నాటినవారు గాని, వారి మనుమలు గాని వాని పూర్ణఫలమును చూడరు. అయినను 2013 సెంగూకు కావలసిన కలపలో ఐదవవంతుకు పైగా ఆ అడవినుండి లభించినది. అట్లు సొంత కొండల కలప వాడుట దాదాపు ఏడువందల యేండ్ల తరువాత మొదటిసారి. విప్పిన పాత మందిరముల కలపయు వృథా కాలేదు. దేశమునందలి ఇతర ఆలయములకు పంచిరి. 2011 భూకంపము, సముద్రపు ఉప్పెన వలన నష్టపోయిన ఈశాన్య ప్రాంతపు ఆలయములకును అందు కొంత పోయినది.

ప్రొద్దు వాలువేళ మేము తిరిగి నైకూ మెట్లవద్దకు వచ్చి, మందిరమునకు ప్రక్కనున్న ఖాళీస్థలమును చూచితిమి. చదునైన నేల, దానిపై రాళ్లు, నడుమ చిన్న పెట్టెవంటి కొయ్యగుడిసె. ఆ గుడిసె క్రింద ‘హృదయస్తంభము’ నిలుచుచోటు భద్రముగ నుండును. 2013 వఱకు అచట మందిరముండెను. 2033లో మరల ఉండును. రెండవ శతాబ్దమునో పదవ శతాబ్దమునో కట్టిన గోడను చూచి పొందు సంతోషము మాకు అచట దొరకలేదు. దాని బదులు మరియొకటి దొరికినది. రాతిదేవాలయము పూర్వులు మనకిచ్చిన ఆస్తి. దానిని చూచి మురిసిన చాలును, కాపాడిన ఇంకను మేలు. ఇసే పూర్వులు మిగిల్చిన ఋణమువంటిది. ప్రతి తరమును దానిని తన చేతులతో తీర్చి, మరల ముందుతరముపై మోపవలెను. ఒక్క తరము చేయి దించిన పదమూడు వందల యేండ్లును నేలమట్టమగును. 129 ఏండ్లు అట్లే యగుచు వచ్చినది గదా.

అరువదిమూడవ సెంగూకు పర్వతపూజలు 2025లో ఆరంభమైనవి. 2013లో చిత్రిక పట్టుట నేర్చుకొనిన యువకుడు 2033 నాటికి నడివయస్సు మేస్త్రియై, తన ప్రక్కన ఒక క్రొత్త కుఱ్ఱవానిని నిలుపుకొని యుండును. ఇసే ప్రాచీనత ఎచటనున్నదని మరల అడిగినచో, ఆ యిద్దరి నడుమ చేతులు మారు ఉలిలో నున్నదని చెప్పుదుము. ఆ ఉలి నేలబడియుండగా, తమకు ప్రవేశములేని గుడికై ఊరూర జోలెపట్టిన ఆ సన్న్యాసినుల పేర్లు కూడ ఆ సమాధానములో చేర్చుకొనుట మన ధర్మము.